చెరకులో జింక్ లోపం ఎలా గుర్తుపట్టాలి, ఎలా సరిచేయాలి

చెరకు తోట పసుపు తిరిగిందంటే మనలో చాలా మంది చేసే మొదటి పని యూరియా బస్తా విప్పడం, దాంతో కుదరకపోతే భాస్వరం ఎక్కువుండే డీఏపీ వేయడం. నేను కూడా ఒకసారి అదే చేశాను, రెండు నెలల తోట, మొవ్వులోంచి వచ్చే ఆకులు లేతగా, చారలు పడి వస్తుంటే నేలలో బలం తగ్గిందనుకుని డీఏపీ వేసి నీళ్లు పెట్టాను, పది రోజులు చూస్తే తగ్గలేదు సరికదా పసుపు ఇంకా ఎక్కువైంది. భాస్వరం ఎక్కువైన కొద్దీ మొక్కకి జింక్ అందడం కష్టమవుతుందని అప్పటికి నాకు తెలీదు. అంటే జబ్బు ఒకటైతే, దాన్ని పెంచే మందు నేనే డబ్బులు పెట్టి వేశానన్నమాట. అందుకే ఇది రాస్తున్నా, పసుపు కనపడగానే బస్తా జోలికి పోకుండా ముందు ఏం చూడాలి, ఎలా తేల్చుకోవాలి, తేలాక ఏం వేయాలి అనేది వరసగా చెప్తాను, కొంచెం పెద్దగానే ఉంటుంది కానీ ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క మాట, జింక్ చెరకుకి కావాల్సింది చాలా కొంచెం. కిలో ఎండిన ఆకులో 15 మిల్లీగ్రాములు ఉంటే ఆ మొక్కకి సరిపోతున్నట్టే, అంతకంటే తగ్గితే లోపం కింద లెక్క. ఇంత కొంచెం లేకపోతే ఏమవుతుందిలే అనిపిస్తుంది, కానీ మొక్క ఎదగడానికి కావాల్సిన ఆక్సిన్ అనే హార్మోన్ తయారవ్వాలంటే జింక్ ఉండాలి, అది తగ్గితే కణుపుల మధ్య దూరం తగ్గిపోతుంది, గడ సన్నబడుతుంది, పిలకలు సరిగ్గా రావు. చెరకులో మనం అమ్మేదే గడ, కణుపు కణుపుకీ అంగుళం తగ్గితే మొత్తం గడ మీద ఎంత పోతుందో మీరే లెక్కేసుకోండి.

మొదటి పని: పొద్దున్నే తోటలోకి వెళ్లి ఆకు చూడండి

ఎండ నడినెత్తికి రాకముందు వెళ్లండి, మిట్టమధ్యాహ్నం అయితే వాడిన ఆకు, పసుపు ఆకు అన్నీ ఒకేలా కనపడతాయి. ముందు పైఆకులు పసుపా, కిందాకులు పసుపా అన్నది చూడండి, సగం లెక్క ఇక్కడే తేలిపోతుంది. నత్రజని, పొటాష్, మెగ్నీషియం ఇవి తగ్గితే మొక్క ముదురాకుల్లోంచి లాక్కుని లేతాకులకి ఇచ్చుకుంటుంది కాబట్టి పసుపు కింద మొదలవుతుంది. జింక్ అలా కాదు, ముదురాకులో చేరిన జింక్ అంత తేలిగ్గా పైకి కదలదు, కాబట్టి కొత్తగా వచ్చే ఆకులే ముందు దెబ్బతింటాయి. కిందాకులు పచ్చగా ఉండి పైన మూడు నాలుగు ఆకులు తేడాగా ఉంటే అప్పుడు జింక్, ఇనుము, మాంగనీస్, గంధకం వీటిలో ఏదో ఒకటి అని అనుమానించాలి.

ఇప్పుడు పైనుంచి రెండో ఆకో మూడో ఆకో కోసి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. జింక్ లోపం ఉన్న ఆకులో నడి ఈనె పచ్చగానే ఉంటుంది, ఆకు అంచులు కూడా పచ్చగా ఉంటాయి, ఈ రెండింటి మధ్యలో మాత్రం వెడల్పాటి పట్టీలాగా లేత పసుపు కనపడుతుంది, నడి ఈనెకి అటూ ఇటూ రెండు పట్టీలు. సన్న సన్న గీతలు కాదు, పట్టీ అని గుర్తుపెట్టుకోండి. లోపం బాగా ముదిరితే అప్పుడు అంచు కూడా పసుపైపోతుంది, ఆకు కొన నుంచి ఎండుతూ కిందికి వస్తుంది. ఆ పసుపు పట్టీల మీద ఎర్రటి మచ్చలు కూడా కొన్నిసార్లు వస్తాయి, అవి చూసి తెగులనుకుని శిలీంధ్రనాశిని కొట్టేవాళ్లున్నారు, నిజానికి అది జింక్ తగ్గి బలహీనపడ్డ ఆకు మీద చేరే ఒక ఫంగస్, అసలు లోపం సరైతే కొత్తాకుల్లో ఆ మచ్చలు రావు.

ఆకు ఆకారం కూడా చూడండి, ఇది చాలా మంది పట్టించుకోరు. జింక్ తగ్గిన ఆకు పొట్టిగా ఉండి నడుమ భాగంలో వెడల్పుగా ఉంటుంది, నడి ఈనెకి ఒక పక్క ఎక్కువ వెడల్పు ఇంకో పక్క తక్కువ అన్నట్టు వంకరగా కూడా ఉండొచ్చు. తర్వాత మొక్కని మొదలు నుంచి చూడండి, కణుపులు పడ్డ తోటైతే పై కణుపులు దగ్గరదగ్గరగా ఉన్నాయా, ఆకులన్నీ విసనకర్రలాగా ఒకే చోట గుమిగూడినట్టున్నాయా చూడండి. ఒక్క గుర్తు కనపడితే చాలదు, పైఆకులు, పట్టీ, పొట్టి కణుపు ఈ మూడూ ఒకే మొక్కలో ఉంటే అప్పుడు జింక్ మీద అనుమానం గట్టిది.

రెండో పని: ఇది ఇంకోటి కాదు కదా అని చూసుకోవడం

జింక్ అనుకుని పొరబడేది ఎక్కువగా ఇనుము లోపంతోనే, ఎందుకంటే రెండూ లేతాకుల్లోనే వస్తాయి, రెండూ ఒకే రకం నేలల్లో వస్తాయి, ఒక్కోసారి రెండూ కలిసే వస్తాయి. తేడా ఏంటంటే ఇనుము తగ్గితే ఈనెలు పచ్చగా ఉండి ఈనెకీ ఈనెకీ మధ్య సన్నటి పసుపు గీతలు ఆకు కొన నుంచి మొదలు దాకా వరసగా, రూళ్లు గీసినట్టు ఉంటాయి, ముదిరితే ఆకు మొత్తం తెల్లగా పాలిపోతుంది. కార్శి తోటల్లో, అంటే నరికిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగే తోటల్లో, అందులోనూ సున్నపు నేలల్లో ఇది బాగా కనపడుతుంది. మాంగనీస్ అయితే గీతలు కొన దగ్గర మొదలై సగం ఆకు దాకా వచ్చి ఆగిపోతాయి. గంధకం తగ్గితే చారలు పట్టీలు ఏమీ లేకుండా లేతాకు మొత్తం ఒకే రకంగా పాలిపోయి ఉంటుంది.

తెగుళ్లు కూడా ఉన్నాయి. పసుపు ఆకు తెగులులో నడి ఈనె పసుపవుతుంది, ముఖ్యంగా ఆకు తిరగేసి చూస్తే అడుగున ఈనె బాగా పసుపుగా కనపడుతుంది, ఈనె పక్కన ఆకు మాత్రం మొదట్లో పచ్చగానే ఉంటుంది. జింక్ లోపంలో దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది, ఈనె పచ్చ, పక్కలు పసుపు. ఈ ఒక్క తేడా గుర్తుంటే చాలు, ఈ రెండింటి దగ్గర మోసపోరు. గడ్డి దుబ్బు తెగులైతే పిలకలు సన్నగా, గడ్డి పరకల్లా గుబురుగా, తెల్లగా వస్తాయి, అదీ పొలంలో అక్కడొక దుబ్బు ఇక్కడొక దుబ్బు వస్తుంది, పక్క దుబ్బు శుభ్రంగా ఉంటుంది. లోపం అయితే అలా ఒంటి దుబ్బుకి రాదు, ఒక మడిలో కొంత భాగానికో, మొత్తం మడికో వస్తుంది.

ఈ తేడాలన్నీ పుస్తకంలో చదివినప్పుడు బాగానే ఉంటాయి, తోటలో నిలబడి చూస్తే మాత్రం ఒక్కో ఆకు ఒక్కోలా ఉంటుంది, కంగారు పడొద్దు. ఒక్క ఆకు చూసి తీర్పు చెప్పకుండా కనీసం 20 మొక్కలు చూసి ఎక్కువ మొక్కలు ఏం చెప్తున్నాయో అది తీసుకోండి.

మూడో పని: ఆకు తర్వాత నేలని చూడండి

జింక్ లోపం ఊరికే రాదు. పసుపు ఎక్కడుందో ఒక కాగితం మీద పొలం గీసుకుని గుర్తు పెట్టండి, తర్వాత ఆ చోటు చరిత్ర గుర్తు చేసుకోండి. పొలం చదును చేసినప్పుడు పైమట్టి గీకేసి వేరే చోటికి తోసిన భాగమా? పైమట్టిలోనే జింక్ ఎక్కువ ఉంటుంది, అది పోతే కింద మట్టిలో ఉండేది చాలా తక్కువ, చదును చేసిన పొలాల్లో ట్రాక్టర్ బ్లేడు గీకిన చోటే పసుపు మచ్చలా కనపడుతుంది, ఎత్తు తీసిన చోటు ఎక్కడో తెలిసినవాళ్లకి ఆ మచ్చ చూడగానే అర్థమైపోతుంది. నీరు నిలిచే పల్లమా? అంతకుముందు వరి వేసిన పొలమా? నీళ్లలో మునిగి ఉన్న నేలలో జింక్ మొక్కకి అందని రూపంలోకి మారిపోతుంది. చవుడా, సున్నపు నేలా? పీహెచ్ (నేల పులుపు, క్షారం కొలిచే అంకె) పెరిగేకొద్దీ జింక్ కరగడం తగ్గుతుంది, 7.5 దాటిందంటే జాగ్రత్త పడాలి, 8 పైన ఉందంటే నేలలో జింక్ ఉన్నా కూడా వేరుకి అందేది చాలా తక్కువ. ఇసుక నేలలు, సేంద్రియ పదార్థం తక్కువున్న నేలలు అయితే అసలు జింకే తక్కువ ఉంటుంది. ఇక ఏటా డీఏపీ దండిగా వేసుకుంటూ వచ్చిన నేల, భాస్వరం పేరుకుపోయిన నేల, ఇది మనం చేతులారా తెచ్చుకున్న లోపం.

చలికాలంలో నాటిన తోట మొదట్లో ఇలా కనపడి ఎండలు ముదిరాక దానంతట అదే కోలుకోవడం కూడా ఉంది, చల్లటి తడి నేలలో వేరు పెరగదు, వేరు పెరగకపోతే జింక్ అందదు. జింక్ నీళ్లతో పాటు పారుకుంటూ వేరు దగ్గరికి వచ్చేది కాదు, నేలలో చాలా కొంచెం దూరమే కదులుతుంది, వేరే దాని దగ్గరికి వెళ్లాలి. ఈ సంగతి బుర్రలో ఉంచుకోండి, ఎక్కడ వేయాలి అన్నప్పుడు మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

నాలుగో పని: నాలుగు చాళ్ల పరీక్ష

నా దృష్టిలో ఈ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, దాదాపు ఎవరూ చేయనిది కూడా ఇదే. ఖర్చు లేదు, రెండు వారాలు ఓపిక కావాలి అంతే.

పసుపు బాగా ఉన్న చోట పక్కపక్కనే నాలుగు చాళ్లు తీసుకోండి, ఒక్కో చాలులో ఓ 10 మీటర్లు చాలు, కర్రలు పాతి గుడ్డ కట్టండి. మొదటి చాలుకి లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి కొట్టండి. రెండో చాలుని అలాగే వదిలేయండి. మూడో చాలుకి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), కొంచెం నిమ్మ ఉప్పు కలిపి కొట్టండి, ఇది ఇనుము లోపమా అని చూడటానికి. నాలుగోది కూడా వదిలేయండి. మధ్యలో చాలు ఎందుకు వదలమంటున్నానంటే స్ప్రే తుంపర గాలికి పక్క చాలు మీద పడుతుంది, ఖాళీ చాలు లేకపోతే ఏది దేనివల్ల పచ్చబడిందో తెలీదు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ పరీక్షలో యూరియా కలపొద్దు, యూరియా కలిపితే ఆకు ఎలాగూ కొంచెం పచ్చబడుతుంది, మనం జింక్ పనిచేసింది అనుకుని మోసపోతాం. ఈ రెండు వారాలూ ఆ చాళ్లకి వేరే ఎరువేదీ వేయకండి.

కొట్టిన రోజు మొవ్వులో విచ్చుకుంటున్న ఆకుకి ఒక దారం కట్టండి లేదా చుక్క రంగు పెట్టండి. ఇనుము అయితే మందు పడ్డ చోటే వారం లోపు పచ్చ మచ్చలు మచ్చలుగా తేలతాయి, అది చాలా స్పష్టంగా కనపడుతుంది. జింక్ అయితే మాత్రం పాత ఆకు వైపు చూస్తూ కూర్చోవద్దు, అప్పటికే పసుపు పడ్డ ఆకు పూర్తిగా మారకపోవచ్చు, దారం కట్టిన ఆకు తర్వాత వచ్చే కొత్తాకులు ఎలా ఉన్నాయో చూడాలి. 10 నుంచి 15 రోజుల్లో కొత్తాకులు పచ్చగా, పట్టీ లేకుండా, పూర్తి పొడవుతో వస్తే ఇక అనుమానం అక్కర్లేదు. రెండు చాళ్లలోనూ ఏ మార్పూ లేకపోతే అది జింకూ కాదు ఇనుమూ కాదు, వేరు పీకి చూడండి, నీరు నిలిచిందేమో, వేరు పురుగు ఉందేమో, ఉప్పు ఎక్కువైందేమో.

ఐదో పని: మట్టి పరీక్ష, కుదిరితే ఆకు పరీక్ష

మామూలు మట్టి పరీక్షకి ఇస్తే చాలా చోట్ల పీహెచ్, లవణాలు, సేంద్రియ కార్బన్, భాస్వరం, పొటాష్ వరకే చూసి ఇస్తారు, జింక్ చూడమని విడిగా అడగాలి, డీటీపీఏ జింక్ అని అడగండి, నేలలో మొక్కకి అందే జింక్ ఎంతో చూసే పరీక్ష అది. ఎక్కువగా పెట్టుకునే గీత 0.6 పీపీఎం (కిలో మట్టిలో 0.6 మిల్లీగ్రాములు), అంతకంటే తక్కువ వస్తే లోపం కింద తీసుకుంటారు, నేల రకాన్ని బట్టి కొన్ని చోట్ల ఈ గీత ఇంకా పైన పెడతారు కాబట్టి ల్యాబ్ వాళ్లు కార్డు మీద ఏ గీత రాశారో కూడా చూడండి.

మట్టి తీసేటప్పుడు పసుపు ఉన్న చోటు ఒక నమూనా, బాగున్న చోటు ఒక నమూనా విడివిడిగా తీయండి, రెండూ కలిపేస్తే సగటు వచ్చి ఏమీ తేలదు. ఒక్కో నమూనాకి 10, 15 చోట్ల పైచెత్త తీసేసి వి ఆకారంలో 9 అంగుళాల లోతు తవ్వి పక్కనుంచి పొర గీకి తీయండి, అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి రెండు పారేస్తూ అరకిలో మిగిలేదాకా చేయండి. గట్ల పక్కన, ఎరువు కుప్ప పెట్టిన చోట తీయొద్దు. ఇక్కడ తెలియక చేసే తప్పొకటుంది, మట్టి కలపడానికి ఇనుప బకెట్ వాడతారు, ఆ తెల్లగా మెరిసే పూత జింక్ పూతే, దాంట్లో కలిపితే లేని జింక్ రిపోర్టులో కనపడుతుంది. ప్లాస్టిక్ బకెట్టు, శుభ్రమైన గుడ్డ సంచి వాడండి, నీడలో ఆరబెట్టండి.

ఆకు పరీక్ష అయితే 3 నుంచి 6 నెలల తోటలో, తోట బాగా ఎదుగుతున్నప్పుడు తీయాలి. ఆకు, తొడుగు కలిసే చోట మెడపట్టీ లాంటి గుర్తు ఉంటుంది కదా, పైనుంచి చూస్తే ఆ గుర్తు స్పష్టంగా కనపడే మొదటి ఆకు తీసుకోవాలి, మొవ్వులో చుట్టుకుని ఉన్నవి వద్దు. అలాంటివి 20, 30 ఆకులు తీసి నడుమ ఓ 8 అంగుళాల ముక్క ఉంచుకుని నడి ఈనె చీల్చి తీసేయండి, కాగితం కవర్లో పెట్టండి, పాలిథిన్ కవర్లో పెడితే చెమ్మకి కుళ్లిపోతాయి. జింక్ స్ప్రే చేసిన తోటలో ఆకు తీసి పంపిస్తే ఆకు మీద అంటుకున్న మందు కూడా లెక్కలోకి వస్తుంది, అలాంటి రిపోర్టుకి అర్థం ఉండదు.

ఆరో పని: నిలిచి ఉన్న తోటకి స్ప్రే

తోట ఇప్పటికే పసుపుగా ఉంది, పరీక్షలో జింకే అని తేలింది, అప్పుడు త్వరగా పనిచేసేది ఆకుల మీద కొట్టడమే. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్, ఎకరానికి 200 లీటర్ల నీళ్లు అనుకుంటే 400 గ్రాములు, 15 రోజులకోసారి రెండు మూడు సార్లు. ఇప్పుడు పరీక్ష అయిపోయింది కాబట్టి లీటరుకి 10 గ్రాముల యూరియా కలుపుకోవచ్చు, ఆకులోకి జింక్ దిగడానికి సాయం చేస్తుంది.

లోపం బాగా ముదిరితే లీటరుకి 5 గ్రాముల దాకా కూడా వెళ్తారు, కానీ అంత చిక్కగా ఒట్టి జింక్ సల్ఫేట్ కొడితే లేతాకు మాడుతుంది, అందుకని సున్నం కలపాలి. 200 లీటర్లకి కిలో జింక్ సల్ఫేట్ అయితే అరకిలో పొడి సున్నం, దాన్ని ముందు రోజు రాత్రే ప్లాస్టిక్ బకెట్లో నీళ్లలో నానబెట్టి పొద్దున పైన తేరిన సున్నపు తేట మాత్రమే నెమ్మదిగా వంచుకుని, గుడ్డలో వడకట్టి కలపండి, అడుగు మడ్డి వేస్తే నాజిల్ మూసుకుపోతుంది. ఇంత బాదరబందీ ఎందుకు అనుకునేవాళ్లు 2 గ్రాముల మోతాదులోనే ఉండి ఇంకోసారి ఎక్కువ కొట్టుకోండి, నేనైతే అదే చేస్తాను.

పొద్దున గానీ సాయంత్రం చల్లబడ్డాక గానీ కొట్టండి, ఎండలో కొడితే నీరు ఆవిరై ఉప్పు ఆకు మీద మిగిలి మాడ్చేస్తుంది. ముందురోజు తోటకి నీళ్లు పెట్టి ఉంటే మంచిది, వాడిన ఆకు మందు తీసుకోదు. చెరకు ఆకు నున్నగా ఉంటుంది, మందు జారిపోతుంది, కాబట్టి జిగురు మందు కలపండి. మొవ్వు తడిసేలా, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టాలి. పని అయ్యాక పంపు కడగండి, జింక్ సల్ఫేట్ లోహాన్ని తింటుంది. కళ్లకి మంట పుట్టిస్తుంది కాబట్టి కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా కలపొద్దు.

పురుగు మందుతో కలపొచ్చా అని అందరూ అడుగుతారు. నా సలహా కలపొద్దనే, మరీ తప్పకపోతే ముందు ఒక సీసాలో కొంచెం కలిపి అరగంట చూడండి, విరిగినా, అడుగున తెల్లగా పేరుకున్నా ఆ జత వద్దు. భాస్వరం ఉన్న నీటిలో కరిగే ఎరువులతో మాత్రం అసలు కలపొద్దు, తెల్లగా విరిగి ట్యాంకులోనే గట్టిపడుతుంది, డ్రిప్పులో అయితే రంధ్రాలు మూసుకుపోతాయి. డ్రిప్పులో జింక్ ఒక రోజు, భాస్వరం ఇంకో రోజు ఇవ్వండి, డ్రిప్పుకి, సున్నపు నేలకి చీలేటెడ్ జింక్ బాగుంటుంది, 12 శాతం ఈడీటీఏ జింక్ అని దొరికేది. ఆకుల మీద కొట్టేటప్పుడు దాన్ని లీటరుకి అర గ్రాము నుంచి 1 గ్రాము వాడతారు, కానీ ఆకుల మీద కొట్టే పనికి సల్ఫేట్ చాలు, ఎక్కువ డబ్బు పెట్టాల్సిన అవసరం ఉందని నేననుకోను.

తోట మనిషి ఎత్తు దాటి కమ్ముకుపోయాక లోపలికి వెళ్లి కొట్టడం అయ్యే పని కాదు, కాబట్టి 45 రోజుల నుంచి మూడు నాలుగు నెలల లోపే ఇదంతా తేల్చుకోవాలి. పిలకలు పెట్టే వయసూ అదే, అప్పుడు పోయిన పిలక తర్వాత ఎంత కొట్టినా రాదు.

ఏడో పని: నేలలో వేయడం, అసలు పరిష్కారం ఇదే

స్ప్రే ఈ పంటని గట్టెక్కిస్తుంది అంతే, నేలలో లోపం అలాగే ఉంటుంది. నాటే ముందు ఆఖరి దుక్కిలో ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయాలి, ఇది 21 శాతం జింక్ ఉండే స్ఫటికాల రకం లెక్క. 33 శాతం రకం కొంటే 12 నుంచి 13 కిలోలు చాలు, బస్తా మీద శాతం చూసి లెక్క వేసుకోండి, కిలోల్ని చూసి కాదు.

మొక్కకి కావాల్సింది అంత కొంచెం అయితే 20 కిలోలు ఎందుకు అంటే, అందులో అసలు జింక్ 4 కిలోల పైచిలుకే, దానిలో కూడా ఎక్కువ భాగాన్ని నేల పట్టేసుకుంటుంది, మొదటి పంటకి అందేది కొంచెమే. పట్టుకున్నది పూర్తిగా పోయినట్టు కాదు, నెమ్మదిగా తర్వాతి పంటలకి అందుతూ ఉంటుంది, అందుకే ఏటా వేయక్కర్లేదు, ఒకసారి వేస్తే రెండు మూడు పంటలకి ఆగి, పరీక్ష చూసి మళ్లీ వేసుకోవాలి.

జింక్ నేలలో కదలదు అని పైన చెప్పాను కదా, అందుకే నిలిచిన తోటలో పైన చల్లేస్తే అది పైనే ఉండిపోతుంది. దుక్కిలో వేసి కలియదున్నాలి, లేదంటే చాలు అడుగున వేసి మట్టితో కలిపి ఆపైన ముచ్చెలు (నాటే చెరకు ముక్కలు) నాటాలి. సూపర్ ఫాస్ఫేట్, డీఏపీ వాటితో ఒకే గంపలో కలిపి చల్లడం మాత్రం చేయకండి, జింక్ దుక్కిలో వేసి రెండు మూడు రోజులు ఆగి భాస్వరం చాలులో వేయండి, చోటు వేరు, రోజు వేరు.

ఎకరం మొత్తానికి 20 కిలోలు సమానంగా చల్లడం కష్టం, ఒట్టి చేత్తో అయితే ఒక చోట ముద్దగా పడి ఇంకో చోట పడదు. 200 కిలోల దాకా బాగా మాగిన పశువుల ఎరువులో కలిపి, చెమ్మ తగిలేలా నీళ్లు చల్లి, నీడలో మూడు నాలుగు వారాలు కుప్ప పెట్టి తర్వాత వేస్తే సమానంగానూ పడుతుంది, సేంద్రియ పదార్థం పట్టుకుని ఉంచడం వల్ల నేల త్వరగా బిగించేయకుండానూ ఉంటుంది. సున్నపు నేలల్లో, చవుడు నేలల్లో ఇలా వేస్తేనే వేసిన దానికి ఫలితం ఉంటుంది. చవుడు ఎక్కువుంటే పరీక్ష ప్రకారం జిప్సం, జీలుగ లాంటి పచ్చిరొట్ట, నీరు బయటికి పోయే కాలువలు, ఇవి చూసుకోకుండా ఎంత జింక్ పోసినా నేల మింగేస్తుంది. నీరు నిలిచే పల్లంలో కూడా ముందు నీరు తీసే దారి చేయండి.

మరీ ఎక్కువ వేస్తే ఇంకా మంచిదేమో అనుకోవద్దు. జింక్ మోతాదు మించితే ఇనుము అందకుండా అడ్డుపడుతుంది, ఒక పసుపు పోగొట్టుకుని ఇంకో పసుపు తెచ్చుకుంటారు, పైగా నేలలో చేరిన జింక్‌ని బయటికి తీయడం కుదరదు.

కొన్నది నిజంగా జింక్ సల్ఫేటేనా

ఇది తప్పకుండా చూసుకోవాలి. మెగ్నీషియం సల్ఫేట్ కూడా చూడ్డానికి అచ్చం ఇలాగే తెల్లటి స్ఫటికాల్లా ఉంటుంది, తక్కువ ధరకి వస్తుంది, కల్తీకి దాన్నే ఎక్కువగా వాడతారు. ఇంట్లో చేసుకోగలిగే పరీక్ష ఒకటుంది. ఒక గాజు గ్లాసులో కొంచెం డిస్టిల్డ్ నీటిలో చెంచా డీఏపీ వేసి కలిపి తేరనివ్వండి, పైన తేట ఇంకో గ్లాసులోకి వంచుకోండి. విడిగా మీరు కొన్న జింక్ సల్ఫేట్ కూడా నీటిలో కరిగించండి. రెండూ కలపండి. అసలు జింక్ అయితే వెంటనే పెరుగు విరిగినట్టు చిక్కగా తెల్లటి ముద్ద ఏర్పడుతుంది, ఒట్టి మెగ్నీషియం సల్ఫేట్ అయితే అలా రాదు. సగం సగం కలిపిన కల్తీని ఇది పట్టుకోలేదు, అనుమానం ఉంటే ఎరువుల ల్యాబ్‌కి పంపడమే, బస్తా మీద బ్యాచ్ నంబరు, బిల్లు దాచుకోండి. డీఏపీ, జింక్ కలిపితే ఏమవుతుందో కూడా ఈ గ్లాసులో కళ్లారా చూస్తారు, రెండూ ఒకే గంపలో ఎందుకు కలపొద్దన్నానో వేరే చెప్పక్కర్లేదు.

కార్శి తోట సంగతి

మొక్క తోటలో, అంటే మొదటిసారి ముచ్చెలు నాటిన తోటలో జింక్ వేసి ఉంటే కార్శికి చాలాసార్లు మళ్లీ అవసరం రాదు. మొక్క తోటలో వేయకపోయినా, పసుపు కనపడినా, నరికిన తర్వాత మోళ్లు చెక్కి చాలుకి రెండు వైపులా నాగలితో చీల్చినప్పుడు ఆ చీలికలో వేసి మట్టి కప్పేయండి, కొత్త వేర్లు వచ్చేది అక్కడికే. ఆకు చెత్త కాల్చకుండా చాళ్ల మధ్య పరిచి కుళ్లనివ్వండి, గడలతో పాటు బయటికి పోయేది పోగా ఆకులోకి చేరిన జింక్ అయినా ఆ నేలలోనే మిగులుతుంది. కార్శిలో ఇనుము లోపం కూడా బాగా వస్తుంది కాబట్టి కిందటేడు జింకే కదా అని ఈ ఏడు కూడా జింకే కొట్టేయకండి, నాలుగు చాళ్ల పరీక్ష మళ్లీ చేయండి.

ఒక నోటుపుస్తకంలో ఏ మడిలో ఏ తేదీన ఎంత జింక్ వేశారో, ఏ శాతం రకమో, అప్పటి రిపోర్టులో జింక్ ఎంత ఉందో రాసి పెట్టుకోండి. రెండు మూడు పంటల తర్వాత అదే మడిలో, అదే లోతులో మట్టి తీయించి చూడండి, గీతకి పైన ఉంటే ఆ ఏడాది జింక్ మానేసి ఆ డబ్బు పశువుల ఎరువుకి పెట్టండి.